కెటిల్ మేడం

శనివారం పొద్దున మా అమ్మాయి చిన్ని ఫుట్‌బాల్ బూట్లు గుమ్మం ముందు పెట్టి, వాటి మీద మసిలే నీళ్ళు పోస్తున్నాను. అలా పోస్తే జిగురు ఊడిపోతుందని మా ఆవిడ లత ఆరేళ్ళుగా గొడవ చేస్తూనే ఉంది. నేను పోస్తూనే ఉన్నాను. అప్పుడు ఫోన్ మోగింది. జాన్సన్‌విల్ నుంచి, మా ల్యాబ్ మేడం మేనకోడలు.

"అన్నా, మా అత్త పోయింది. నిన్న మధ్యాహ్నం తిని పండుకుంది, లేవలే."

"ఏం జబ్బు చేసింది?" అన్నాను.

"ఏం జబ్బు లేదన్నా. నిద్రల్నే గుండె ఆగిపోయింది అన్నరు."

ఫోన్ పెట్టేసి, కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మైక్రోస్కోపులో కనిపించే ప్రతి పురుగుకీ భయపడుతూ బతికిన మనిషి, చివరికి ఏ పురుగూ ముట్టుకోకుండా పోయింది. ఈ సంగతి తనకే చెబితే ఆవిడ తేలిగ్గా నమ్మేది కాదు. "పోస్టుమార్టం చేసిన్రా?" అని అడిగేది.

చిన్ని బయటికొచ్చి ఎవరు పోయారని ఇంగ్లీషులో అడిగింది. నీకు గుర్తుండదులే, నీకప్పుడు ఏడాదిన్నర అన్నాను. దానికి గుర్తు లేకపోవడమే మంచిది. నాకు మాత్రం ఏ మట్టి అంటిన బూటు చూసినా ఇప్పటికీ చెయ్యి కెటిల్ మీదికే పోతుంది.

నేను ఈ కివీల దేశానికి, హామిల్టన్‌కి చదువుకోడానికొచ్చి, జంతువుల రోగాలు పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా కుదురుకున్నాను. పేడా పెంటికలూ నీళ్ళలో కలిపి, జల్లించి, పురుగుల గుడ్లు వెతకడం నా పని. తెనాలిలో ఎవరైనా అడిగితే మా అమ్మ "రీసెర్చ్" అని చెప్పి మాట మార్చేస్తుంది. ఆ ల్యాబ్‌లో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. మొదటిరోజు మా పైఅధికారిని అలా పిలవడానికి నోరు రాక "మేడం" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను ఒకసారి చూసింది.

"మనోనివేనా? గోర్లు చూపియ్."

అదీ మా పరిచయం. చూపించాను. కుడిచేతి బొటనవేలు బాగోలేదని చెప్పి కత్తెర ఇచ్చింది.

అప్పటికి ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. జుట్టు తనే కత్తిరించుకునేది, ఆ పని అద్దం లేకుండా చేసినట్టుండేది. ఎండైనా వానైనా ఒకటే నీలం రెయిన్‌కోటు. చేతులు కడుక్కునేటప్పుడు నలభై దాకా లెక్కపెట్టేది, ఆ లెక్క మాత్రం తెలుగులోనే. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ల్యాబ్‌లోని కివీ కుర్రాళ్ళు ముప్ఫై ఎనిమిది ఎలా వినిపిస్తుందో నా దగ్గర నేర్చుకుని మరీ సరిగ్గా అక్కడ పలకరించేవాళ్ళు. అది ఆటపట్టించడమని ఆవిడకి తెలుసు. అయినా సబ్బు మళ్ళీ తీసుకునేది.

మధ్యాహ్నం భోజనం కారులో, అద్దాలు పైకెత్తుకుని. పప్పూ ఆవకాయా కలిపిన అన్నం, స్పూన్‌తో. ఆవకాయన్నం స్పూన్‌తో తినే తెలుగు మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, చేత్తో తిని ఎన్నాళ్ళయింది మేడం అని. "చాన రోజులాయె" అని అటు తిరిగింది. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

ఇక కెటిల్. ఎక్కడికి శాంపిల్స్ కోసం వెళ్ళినా, సొట్టలు పడ్డ ఒక పెద్ద అల్యూమినియం కెటిలూ చిన్న గ్యాస్ స్టవ్వూ ఆవిడ కారు డిక్కీలో ఉండాల్సిందే. అందుకే ల్యాబ్ అంతా ఆవిడని చాటున కెటిల్ అనేవాళ్ళు. నేను మర్యాదకి పోయి కెటిల్ మేడం అనేవాణ్ణి. "బ్లీచ్ పోస్తే గా గుడ్లకు స్నానం జేపిచ్చినట్టే తమ్మీ. మసిలే నీళ్ళకే చస్తయి" అనేది.

ఆవిడ నోట ఎప్పుడూ రాని మాట ఒకటుంది. మనవాళ్ళం రోజుకి పదిసార్లు అంటాం, ఏం కాదులే అని. పిల్ల పడితే ఏం కాదు, పాలు విరిగితే ఏం కాదు, వీసా ఆలస్యమైతే ఏం కాదు. ఆవిడ అనేది కాదు. మేం అన్నా ఊరుకునేది కాదు. నా రిపోర్టులో ప్రమాదం తక్కువ అని రాస్తే, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "ఎవరికి?" అని రాసి పంపేది.

ఆవిడ చదువంతా రెండు జంతువుల మీద. ఒకటి రకూన్. పిల్లికన్నా పెద్దది, కళ్ళ చుట్టూ నల్లటి పట్టీ, మనిషి చేతుల్లాంటి చేతులు. రెండోది రకూన్ డాగ్. ముఖం అచ్చం అలాగే ఉంటుంది కానీ అది కుక్కల జాతి, పేరులో తప్ప చుట్టరికం లేదు. కెనడాలో మొదటిదాని పేగుల్లో ఏలికపాముల గురించీ, ఫిన్‌లాండ్‌లో రెండోదాని పేగుల్లో బద్దెపురుగుల గురించీ ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇక్కడికెందుకొచ్చారని అడిగితే, "గా రెండూ లేని దేశమేదని మ్యాపుల జూసి ఒచ్చిన" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

రకూన్లకి ఒక అలవాటుంది. అన్నీ కలిసి ఒకేచోట మలవిసర్జన చేస్తాయి. వాటి ఏలికపాము గుడ్లు అక్కడి మట్టిలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. రకూన్‌కి ఆ పురుగు వల్ల పెద్ద ఇబ్బందేమీ లేదు. మనిషి కడుపులోకి పోతే మాత్రం అది పేగులో ఆగదు. దారి తెలీకుండా ఒంట్లో తిరుగుతుంది, కంట్లోకి, మెదడులోకి. మట్టి నోట్లో పెట్టుకునేది పిల్లలు కాబట్టి, అది ఎక్కువగా పిల్లల్నే పట్టుకుంటుంది. ఇదంతా ఆవిడ మాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, పక్క గదిలో పురుగు వింటున్నట్టు.

ఆ ఏడు చలికాలంలో ల్యాబ్‌కి ఒక ఈమెయిల్ వచ్చింది. హామిల్టన్‌కి గంటన్నర దూరంలో, కొండల మధ్య, ఒక ముసలాయన చిన్న జంతువుల పార్కు నడిపేవాడు. ఇక ఓపిక లేక మూసేస్తున్నాడు. అక్కడ మూడు ముసలి రకూన్లున్నాయి. వాటిని వేరేచోటికి పంపే ముందు పరీక్షించాలి. మేడం అది రెండుసార్లు చదివింది.

"ఈడ గూడ ఒచ్చినయా," అంది మెల్లగా.

నియమం ఆవిడే పెట్టింది. పార్కులో తొక్కిన బూటు పార్కు దాటకూడదు. గేటు దగ్గర మసిలే నీళ్ళు పోసి, డ్రమ్ములో వేసి, మూత బిగించి, వేరే చెప్పులతో రావాలి. ఎయిర్‌పోర్టులో మన బూట్ల అడుగులు తిరగేసి చూసే దేశం ఇది, ఇందులో వింతేముంది అనుకున్నాను. రెండుసార్లు వెళ్ళాం, రెండుసార్లూ అలాగే చేశాను.

మూడోసారి మంగళవారం, వాన. రకూన్ల బోను వెనక కట్టెల మోపు పక్కన, బయటికి వదిలినప్పుడల్లా అవి ఏళ్ళుగా వాడిన చోటు ఉంది. అక్కడి నల్లటి మట్టి డబ్బాలోకి ఎత్తుతుంటే డేకేర్ నుంచి ఫోన్, చిన్నికి జ్వరం, వెంటనే రమ్మని. లత ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్‌లో డ్యూటీలో ఉంది. మేడం లోపల బోను దగ్గర ఉంది. గేటు దగ్గర కెటిల్ ఇంకా మరగలేదు. శాంపిల్ డబ్బాలు గేటు దగ్గర పెట్టేసి, బూట్లతోనే నా కారెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చాక నేను చేసింది మన ఇళ్ళల్లో ఎవరైనా చేసేదే. బూట్లు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళాను. బయట విడిచిన చెప్పు ఇంట్లోకి రాదు, కాబట్టి ఇల్లు శుభ్రం. చిన్నప్పటినుంచీ ఒంటికి పట్టిన లెక్క అది. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లకి ఆ గుమ్మమే ఆటస్థలం అన్న సంగతి ఆ లెక్కలో లేదు.

మందు పడ్డాక సాయంత్రానికి చిన్నికి జ్వరం తగ్గింది. గుమ్మంలో కూర్చుని ఆడుకుంటుంటే వీడియో తీసి మా అత్తగారికి పంపాను. ఆవిడ వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టారు. "మా చిన్ని కృష్ణమ్మ మన్ను తింటోందా! ఏం కాదులే అల్లుడుగారూ, పిల్లలన్నాక తింటారు."

గురువారం పొద్దున మేడం మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా పిలిచింది.

"తమ్మీ, ఇటు రా. చూడు."

చూశాను. గోధుమరంగు గుడ్డు, చుట్టూ గరుకు పెంకు. పుస్తకంలో చూసిన బొమ్మకన్నా అందంగా ఉంది.

"మేడం, మంగళవారం నేను బూట్లు ఇంటికి వేసుకెళ్ళిపోయానండి."

ఆవిడ అరవలేదు. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండనిపించింది. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఏడ దొక్కినవ్? బోన్లనా, కట్టెలెన్కనా?"

"కట్టెల వెనక."

కళ్ళు మూసుకుంది. ఎందుకో నాకూ తెలుసు. అప్పుడే పడ్డ మలంలో గుడ్డు పచ్చిది, ఏమీ చేయలేదు. కొన్ని వారాలు మట్టిలో ఉంటేనే లోపల పురుగు తయారవుతుంది. నేను తొక్కింది ఏళ్ళ నాటి మట్టి.

"పాప?" అంది.

ఫోన్ తీసి వీడియో పెట్టాను. చిన్ని నా బూటు ఒళ్ళో పెట్టుకుని, అడుగున ఉన్న మట్టిని వేలితో గీకి, నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. వెనకనుంచి నా నవ్వు వినిపిస్తోంది. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

"ఏం కాదు కదా మేడం?" అన్నాను.

ఆవిడ లేచింది. రెయిన్‌కోటు తీసుకుంది. "మూడు దినాలల్ల మందు పడాలె. ఇది రెండో దినం. నడువ్."

హాస్పిటల్లో డాక్టరు కుర్రాడు, ఓపిక గలవాడు. ఇలాంటి కేసు ఎప్పుడూ చూడలేదని దాచకుండా చెప్పాడు. మేడం కాగితం మీద పురుగు బొమ్మ గీసి, గుడ్డు నుంచి మెదడు దాకా దారి చూపించింది. లత అప్పటికి వచ్చేసింది, చిన్నిని ఎత్తుకుని ఆ బొమ్మ వైపు చూస్తూ నిలబడింది. నావైపు మాత్రం చూడలేదు. డాక్టరు మందు పేరు రాశాడు, ఆల్బెండజోల్. అది ఇక్కడ మామూలుగా వాడరు, తెప్పించాలి, రేపటికి వస్తుందన్నాడు.

"రేపు కాదు," అంది మేడం. అది తెలుగులోనే వచ్చేసింది ఆవిడ నోట.

నాకు మాత్రం ఆ పేరు వినగానే మా ఊరి బడి గుర్తొచ్చింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి టీచరు నోట్లో వేసిన తెల్ల మాత్ర. నేను నోరు తెరిచేలోపే లత, "మన డబ్బాలో ఉంది" అంది. ఇక్కడ మనవాళ్ళ ప్రతి ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఇండియా మందులుంటాయి. ఊరెళ్ళిన ప్రతిసారీ తెచ్చి కుక్కుతాం, ఎప్పుడూ వాడం. నేను ఇంటికి పరిగెత్తి డబ్బా మొత్తం పట్టుకొచ్చాను. డాక్టరు ఆ స్ట్రిప్ అటూ ఇటూ తిప్పి, గడువు తేదీ చూసి, ఆక్లాండ్‌లో పెద్ద డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, పిల్లని తూచి, లెక్కకట్టి, మాత్ర నలిపి ఇచ్చాడు. చిన్ని ఉమ్మేయబోయింది. మేడం దాని గడ్డం పట్టుకుని, "మింగు బిడ్డా, మింగు" అంది. అది మింగేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆవిడ భయపడ్డం చూశాక నా భయానికి అడ్డే లేకుండా పోయింది.

డాక్టరు లతకి ధైర్యం చెప్పాలనుకున్నాడు. ఇది చాలా అరుదమ్మా, ఏమీ కాదు, కంగారుపడకు అన్నాడు. మేడం చటుక్కున లేచి బయటికెళ్ళిపోయింది.

కార్ పార్కులో దొరికింది. వానలో, తన కారుకి ఆనుకుని.

"నేను గూడ అన్న తమ్మీ, ఒక్కసారి," అంది. "కెనడాల ఉన్నప్పుడు. ఒకామె ఫోన్ జేసింది. పెరట్ల రకూన్లు తిరుగుతున్నయ్, మా పిలగాడు మట్టిల ఆడిండు, భయపడాల్నా అని. నేను అన్నం తింటున్న అప్పుడు. కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేత్తోని ఫోన్ పట్టుకొని చెప్పిన, ఏం గాదు, చాన అరుదు అని."

నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కారుకి ఆనుకున్నాను.

"ఇప్పుడు గా పిలగానికి ఇరవై దాటినయ్. తల్లి మొఖం గూడ చూడలేడు." రెయిన్‌కోటు చేత్తో ముఖం తుడుచుకుంది. "గా మాట నా నోట్లకెళ్ళి రాదు. ధైర్యం గావాల్నంటే వేరేటోళ్ళని అడుగు. నేను భయపడ్త. నీతోని గలిసి భయపడ్త. గంతే నాతోనైతది."

అంతకన్నా పెద్ద సాయం నాకు ఎవరూ చేయలేదు. అందరూ ధైర్యం చెబుతుంటే నా భయంతో నేనొక్కణ్ణే ఉన్నట్టుండేది. ఆవిడ వచ్చాక ఇద్దరమయ్యాం.

ఆ సాయంత్రమే కెటిల్‌తో మా ఇంటికొచ్చింది. గుమ్మం, మెట్టు, డోర్‌మ్యాట్, నా కారులో రబ్బరు పట్టా, అన్నిటి మీదా మసిలే నీళ్ళు. కెటిల్ ఖాళీ అయితే మళ్ళీ స్టవ్ మీద పెట్టేది. బూట్లని రెండు సంచుల్లో కట్టి, కాల్చడానికి పట్టుకెళ్ళింది. పక్కింటి కివీ ముసలాయన కంచె మీంచి చూసి, ఏమైంది మేట్ అని అడిగాడు. చీమలు అన్నాను. అన్ని చీమలా అన్నాడు.

మర్నాడు ల్యాబ్‌లో ఆవిడ రాసిన రిపోర్టు చదివాను. నా తప్పు పూర్తిగా రాసింది, ఒక్క ముక్క తగ్గించలేదు. కింద తన తప్పు కూడా రాసింది. బూట్లు ఎందుకు దాటకూడదో చెప్పాను కానీ, మావాళ్ళ ఇళ్ళల్లో చెప్పులు ఎక్కడ విడుస్తారో తెలిసీ దాని గురించి హెచ్చరించలేదు అని. నా ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ఎదురుచూడటం. పురుగు మెదడుకి చేరి ఉంటే కొన్ని వారాల్లో తెలుస్తుంది. నడక తూలుతుంది, చూపు తప్పుతుంది, చెయ్యి గురి తప్పుతుంది. చిన్ని తడబడినా, బొమ్మ జారవిడిచినా నాకు ఊపిరాగేది. పిల్లలు రోజుకి వందసార్లు తడబడతారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. లత నాతో మాట్లాడ్డం దాదాపు మానేసింది. దాన్ని నేను తప్పుపట్టను.

రోజూ పొద్దున ఏడింటికి మేడం ఫోన్. "నడిచిందా? పిలిస్తే చూసిందా? ఒకటే కన్ను రుద్దుకుంటుందా?" ప్రతి శనివారం ఇంటికొచ్చేది. చిన్ని చేతుల్ని తనే కడిగేది, నలభై దాకా లెక్కపెడుతూ. తర్వాత కంచంలో మరమరాలు పోసి దాని ముందు పెట్టేది. ఒక్కొక్క మరమరాన్నీ రెండు వేళ్ళతో పట్టుకోగలుగుతోందా లేదా అన్నది పరీక్ష. చిన్నికి అదో ఆట. మేడం మాత్రం కన్నార్పకుండా ఆ వేళ్ళనే చూసేది. లతా నేనూ మేడం ముఖాన్ని చూసేవాళ్ళం. అది అయ్యాక లత అన్నం పెడితే, సంచీలోంచి తన స్పూన్ తీసుకుని తినేది. బాగుంది అనేది కాదు, ఇంకొంచెం పెట్టు అనేది.

వారం తర్వాత వారం. మందు అయిపోయింది. స్కాన్‌లో ఏమీ లేదు. కళ్ళ డాక్టరు బాగుందన్నాడు. డాక్టర్లు ఇక రానక్కర్లేదన్నారు. మా అత్తగారు నేను ముందే చెప్పానుగా అన్నారు. మేడం ఒక్కతే ఇంకో శనివారం అంది.

ఆ చివరి శనివారం ఆవిడ వచ్చేసరికి చిన్ని పెరట్లో బంతితో ఆడి, అప్పుడే లోపలికొచ్చింది. నేను మరమరాలు ముందే కంచంలో పోసి ఉంచాను. మేడం రెయిన్‌కోటు విప్పుతుండగానే అది పరిగెత్తుకెళ్ళి కంచం ముందు కూర్చుంది. కడగాలన్న సంగతి మా ఎవరికీ తట్టలేదు. ఒక మరమరం పట్టుకుంది. గురి తప్పలేదు. రెండోది, మూడోది. మేడం నేల మీద దాని ఎదురుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. నాలుగోది పట్టుకుని చిన్ని ఆగింది. దాన్ని తన నోట్లో పెట్టుకోలేదు. చెయ్యి చాపి మేడం పెదాలకి ఆనించింది.

ఆవిడ బిగుసుకుపోయింది. ఎవరి చేతి ముద్దా తినని మనిషి, తన చేత్తో తనే తినని మనిషి. ఏడాదిన్నర పిల్ల చెయ్యి కన్నా ఆవిడకి భయమైనది ఈ లోకంలో ఇంకోటి లేదు. ఆ వేలి గోట్లో మట్టి ఉంది. నాకు కనిపించింది, ఆవిడకి కనిపించకుండా ఉండదు. లత ఒక అడుగు ముందుకేసింది, పిల్లని వెనక్కి తీయడానికి.

మేడం కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

మరమరాన్ని చాలాసేపు నమిలింది. మింగడం గొంతులో తెలిసింది. కళ్ళు తెరిచి, నావైపు తిరిగింది.

"దీని చేతులు కడిగినవా?"

"లేదు మేడం."

ఇప్పుడైనా ఆ మాట అంటుందేమో అని చూశాను. అనలేదు. చిన్ని ఇంకో మరమరం ఏరి పట్టుకుంది. ఆవిడ దానివైపు తిరిగి మళ్ళీ నోరు తెరిచింది.